పాత మాడింగ్ టూల్స్, కొత్త విండోస్

(ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. తెర మీద చిన్న అక్షరాలు చూడాల్సి వస్తుంది.

ముందు ఒక ప్రశ్న. మీలో ఈ మధ్య విండోస్ 10 నుంచి 11కి మారినవాళ్ళెంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మారక తప్పలేదు కదా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, పాత హార్డ్ డిస్కులో ఉన్నదంతా ఇందులోకి ఎక్కించుకున్నారు. ఫొటోలు తెరుచుకున్నాయి. పాటలు వచ్చాయి. పాత ఆట కూడా ఎలాగోలా మొదలైంది. ఆ ఆటలో బండి మార్చుకునే టూల్ మాత్రం మొదలు కాలేదు. అవునా? లేదంటే మొదలైంది, చేసిన పని సేవ్ అయినట్టే చూపించింది, ఆటలోకి వెళ్ళి చూస్తే ఏ మార్పూ లేదు. ఇలా జరిగినవాళ్ళు? అదిగో, మళ్ళీ చేతులు లేస్తున్నాయి.

ఆటని మనకి నచ్చినట్టు మార్చుకోవడాన్ని మాడింగ్ అంటారు, ఆ మార్పుని మాడ్ అని, చేసేవాళ్ళని మాడర్లు అని అంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ మాడింగ్ టూల్స్ గురించే. ఆటల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆటల్ని మార్చడానికి ఇరవయ్యేళ్ళ కింద ఎవరెవరో ఇంట్లో కూర్చుని రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములున్నాయే, వాటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అవి పోతే, వాటితో తయారైనవన్నీ తెరవడానికి దారి లేకుండా పోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీరు "టూల్ పాడైపోయింది" అంటారు. ప్రోగ్రాము ఫైలు ఊరికే పాడవదండీ. 2005లో ఎలా ఉందో ఇవాళా అదే బైట్లతో ఉంటుంది. ఆ టూల్ విండోస్‌ని ఏదో అడిగింది, విండోస్ ఇవ్వనంది. అంతే. ఏం అడిగింది? ఎందుకు ఇవ్వనంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకోకుండా, ఎవరో చెప్పారని యాంటీవైరస్ ఆపేసి, అన్నిటినీ అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే మెషీన్ మీద పూర్తి అధికారంతో నడిపి, దొరికిన డీఎల్‌ఎల్ ఫైలునల్లా (ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైలు అది) సిస్టమ్ ఫోల్డర్లో పడేస్తే టూల్ నడవదు సరికదా, మెషీన్ పోతుంది.

ఉదాహరణకి ఒక ఆట పట్టుకుందాం. జీటీఏ, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో, శాన్ ఆండ్రియాస్. పీసీకి 2005 జూన్‌లో వచ్చింది. దానికి ముందు వైస్ సిటీ, పీసీకి 2003లో. మన ఊళ్ళలో నెట్ సెంటర్ల కాలం చూసినవాళ్ళకి వైస్ సిటీ గురించి చెప్పక్కర్లేదు. ఇంకో ఉదాహరణ మనకి మరీ దగ్గరిది. ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. ఆ ఆట 2006 నవంబరులో వచ్చింది, ఆ వరసలో అదే ఆఖరిది. ఐపీఎల్ మొదలైంది 2008లో. మరి ఆ ఆటలో డెక్కన్ చార్జర్స్ జెర్సీ ఎక్కడిది? 2013 తర్వాత సన్‌రైజర్స్ జెర్సీ ఎక్కడిది? కంపెనీ ఇవ్వలేదు. మాడర్లు చేశారు. ప్రతి వేసవికీ కొత్త జట్లు, కొత్త బ్యాట్లు, కొత్త మొహాలు వాళ్ళే పెడుతూ వచ్చారు. ఆ పనంతా ఏ టూల్స్‌తో జరిగింది? విండోస్ ఎక్స్‌పీ కాలంలో పుట్టిన టూల్స్‌తో.

ఇప్పుడు శాన్ ఆండ్రియాస్ ఫోల్డర్ తెరుస్తున్నాను, తెర చూడండి. మోడల్స్ అనే ఫోల్డర్లో జీటీఏ3 డాట్ ఐఎంజీ అని ఒక ఫైలుంది. వందల మెగాబైట్లు ఉంటుంది. ఆటలో కనిపించే బళ్ళు, మనుషులు, ఇళ్ళు దాదాపు అన్నీ దీంట్లోనే. ఇది ఎలా కట్టారో చూడండి, చాలా సులువు. మొదటి నాలుగు బైట్లు వీ, ఈ, ఆర్, 2 అనే అక్షరాలు. తర్వాత నాలుగు బైట్లు లోపల ఎన్ని ఫైళ్ళున్నాయో చెప్పే సంఖ్య. ఆ తర్వాత ఒక్కో ఫైలుకి 32 బైట్ల చొప్పున పట్టిక. అందులో ఆ ఫైలు ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు, పేరేమిటి. పేరుకి 24 బైట్లు. పొడుగు లెక్క బైట్లలో ఉండదు, 2048 బైట్ల ముక్కల్లో ఉంటుంది. 2048 ఎందుకు? డీవీడీ మీద ఒక సెక్టారు అంతే ఉంటుంది కాబట్టి. ఆట డిస్కు మీంచి త్వరగా చదువుకోవడానికి అలా కట్టారు. వైస్ సిటీలో ఈ పట్టిక వేరే ఫైల్లో ఉండేది, డాట్ డీఐఆర్ అని. శాన్ ఆండ్రియాస్‌లో రెండూ కలిపేశారు.

ఈ సంగతులు ఆట చేసిన రాక్‌స్టార్ కంపెనీ వాళ్ళు ఎక్కడా అచ్చు వేసి ఇవ్వలేదు. ఎవరో హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఫైల్లోని బైట్లని అంకెలుగా చూపించే ప్రోగ్రామ్‌లో, ఫైలు తెరిచి, బైట్లు చూసి చూసి, లెక్క కట్టి కనుక్కున్నారు. ఆ లెక్కతో ఐఎంజీ టూల్ వచ్చింది. బళ్ళ మీద బొమ్మలు మార్చడానికి టీఎక్స్‌డీ వర్క్‌షాప్ వచ్చింది. మిషన్ల స్క్రిప్టు మార్చడానికి శానీ బిల్డర్ వచ్చింది. ఇవి రాసినవాళ్ళు వేరువేరు దేశాల వాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు. నాకు వాళ్ళంటే ఎంత గౌరవమో చెప్పలేను.

వాళ్ళందరి ముందూ ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీలో ఇంటి కంప్యూటర్ వాడే ప్రతివాడూ దాదాపుగా అడ్మినిస్ట్రేటరే. ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లోనైనా రాసుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, సగం కష్టాలకి మూలం ఇక్కడే ఉంది.

2007 జనవరిలో విండోస్ విస్టా దుకాణాల్లోకి వచ్చింది. దానితో యూఏసీ, అంటే ప్రోగ్రాములకి పూర్తి అధికారం ఇచ్చే ముందు మిమ్మల్ని అడిగే ఏర్పాటు, వచ్చింది. అప్పట్నించి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో మామూలు ప్రోగ్రామ్ రాయడానికి వీల్లేదు. మరి పాత ప్రోగ్రాములేం కావాలి? అవి రాయబోతే విండోస్ "కుదరదు" అంటే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అందుకని మైక్రోసాఫ్ట్ ఒక ఏర్పాటు చేసింది. 32 బిట్ల పాత ప్రోగ్రామ్, తనకే స్థాయి అనుమతి కావాలో లోపల ఎక్కడా రాసుకోనిది, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ దానికి సరేనంటుంది. ఆ రాతని మాత్రం నిశ్శబ్దంగా వేరే చోటికి మళ్ళిస్తుంది. ఎక్కడికి? మీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్. తెర మీద చూపిస్తున్నాను. ఇదిగో వర్చువల్‌స్టోర్, లోపల ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86, దాని లోపల మళ్ళీ రాక్‌స్టార్ గేమ్స్. చూశారా, ఆ వందల మెగాబైట్ల ఐఎంజీ ఫైలుకి పూర్తి నకలు ఇక్కడ కూర్చుంది!

ఇప్పుడు ఏం జరుగుతుందో జాగ్రత్తగా వినండి. మీరు టూల్‌తో ఒక ఆటో మోడల్ పెట్టారు. అది నకల్లో పడింది. మీకు నచ్చలేదు, అసలు ఫైలు బ్యాకప్ తెచ్చి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పేస్టు చేశారు. ఆట తెరిచారు. ఆటో అక్కడే ఉంది! ఎందుకు? ఆట కూడా పాత 32 బిట్ల ప్రోగ్రామే. దానికి కూడా విండోస్ ముందు నకలే చూపిస్తుంది. మీరు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే అసలు ఫైలు కనిపిస్తుంది. అంటే మీరు చూసేది ఒకటి, ఆట చూసేది ఇంకొకటి. దెయ్యం పట్టిందనుకుంటారు.

తర్వాత ఎవరో చెప్తారు, "అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్యి, సరిపోతుంది" అని. చేస్తారు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఈ మళ్ళింపు ఉండదు, టూల్ అసలు ఫైలునే మారుస్తుంది. ఆట మాత్రం మామూలుగానే నడుపుతున్నారు కాబట్టి అది ఇంకా నకలే చూస్తోంది. ఇప్పుడు రెండు ఫైళ్ళు, రెండింటిలో రెండు రకాల మార్పులు. దీనికి తోడు ఇంకో సంగతుంది. పాత ప్రోగ్రామ్ పేరులో సెటప్ అనో, ఇన్‌స్టాల్ అనో, అప్‌డేట్ అనో ఉంటే, విండోస్ దాన్ని ఇన్‌స్టాలర్ అనుకుని తనంతట తనే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. అంటే మీ దగ్గరున్న రెండు టూల్స్‌లో ఒకటి అసలు ఫైల్లో రాస్తూ ఉండొచ్చు, ఇంకొకటి నకల్లో రాస్తూ ఉండొచ్చు. మీరు ఏ బటన్నూ తప్పు నొక్కలేదు. అయినా మాడ్‌లు ఒకదానితో ఒకటి కలవవు.

మందేమిటి? ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి. అంతే! సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి, ఆట అందులో పెట్టండి. టూల్స్ కూడా అక్కడే, పక్కనే. అక్కడ మీకు రాసే అనుమతి ఉంటుంది, మళ్ళింపు జరగదు, అడ్మినిస్ట్రేటర్ అవసరమూ రాదు. ఇప్పటికే చిక్కులో పడ్డవాళ్ళు వర్చువల్‌స్టోర్ తెరిచి, ఆ ఆట పేరుతో ఉన్న నకలుని ఇంకో చోటికి తీసి పెట్టండి. చెరిపెయ్యకండి. సేవ్ చేసుకున్నవి, సెట్టింగులు కూడా అందులో ఉండొచ్చు.

అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం గురించి ఇంకో మాట. ఎవరు రాశారో తెలియని, ఎన్ని చేతులు మారిందో తెలియని ఇరవయ్యేళ్ళ నాటి జిప్ ఫైల్లోంచి తీసిన ప్రోగ్రామ్‌కి మీ మెషీన్ మీద సర్వాధికారం ఇస్తున్నారు. మీ నాన్నగారి బ్యాంకు పని కూడా అదే ల్యాప్‌టాప్ మీద జరుగుతుంది. ఆలోచించండి. ఫోల్డర్ మారిస్తే తీరే దానికి తాళాలన్నీ ఇచ్చెయ్యడమెందుకు?

సరే, ఫోల్డర్ సంగతి అయింది. టూల్ అసలు తెరుచుకోకపోతే? ఏదో ఓసీఎక్స్ ఫైలు (టూల్ కిటికీలో జాబితాల్లాంటివి గీసే ముక్క) దొరకలేదనో, విండోస్‌లో నమోదు కాలేదనో ఒక పెట్టె వస్తుంది. కామ్‌డీఎల్‌జీ32 అనో, ఎంఎస్‌కామ్‌సీటీఎల్ అనో పేరు ఉంటుంది. ఈ పేర్లు చూశారంటే ఆ టూల్ విజువల్ బేసిక్ 6లో రాసిందని అర్థం. 1998లో వచ్చిన భాష. అప్పటి టూల్స్‌లో చాలా వాటిని దీంట్లోనే రాశారు. విచిత్రం ఏమిటంటే దాని అసలు రన్‌టైమ్, అంటే ఆ భాషలో రాసినవి నడవడానికి కావలసిన ఫైలు, ఎంఎస్‌వీబీవీఎం60 అనే డీఎల్‌ఎల్, ఇవాళ్టి విండోస్ 11లో కూడా ఉంది! మైక్రోసాఫ్ట్ దాన్ని ఇప్పటికీ విండోస్‌తోనే ఇస్తోంది. లేనిదేమిటంటే, ఫైల్ తెరిచే పెట్టె, జాబితాలు, ట్యాబులు గీసే అదనపు ముక్కలు. వాటిని టూల్ రాసినవాళ్ళే వెంట ఇవ్వాలి. ఎక్స్‌పీ రోజుల్లో వేరే ఏదో ప్రోగ్రామ్ వాటిని ముందే ఎక్కించి ఉండేది కాబట్టి, ఇవ్వకపోయినా నడిచిపోయేది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఎవరూ ఎక్కించలేదు. అందుకని లేదు.

అప్పుడు అందరూ ఏం చేస్తారు? ఆ ఫైలు పేరు వెతికి, ఎవరో ఊరూపేరూ లేనివాడు పెట్టిన చోటి నుంచి దించుకుంటారు. వద్దండీ. ఎంఎస్‌కామ్‌సీటీఎల్‌లో ఉన్న భద్రతా లోపానికి 2012 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఇవ్వాల్సి వచ్చింది, దాన్ని వాడుకుని దాడులు జరుగుతున్నాయని. పాత నకలు తెచ్చుకుంటే ఆ లోపాన్ని కూడా తెచ్చుకున్నట్టే. విజువల్ బేసిక్ 6 సర్వీస్ ప్యాక్ 6 కోసం మైక్రోసాఫ్ట్ తనే ఇచ్చిన ప్యాకేజీలున్నాయి, అవి వాడండి. చేత్తో పెట్టాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ల ఫైళ్ళు. 32 బిట్లవి ఉండే ఫోల్డర్ సిస్‌వావ్64. పేర్లు తారుమారుగా ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ అంతే. మన ఓసీఎక్స్ సిస్‌వావ్64లో పెట్టి, ఆ ఫోల్డర్లోనే ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32తో నమోదు చెయ్యాలి. ఇక్కడ మాత్రం ఒక్కసారి అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్ కావాలి. నమోదు అయ్యాక టూల్‌ని మామూలుగానే నడపండి.

డెల్ఫీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో రాసిన టూల్స్‌కి ఈ బాధ దాదాపు లేదు. వాటికి కావలసినవన్నీ ఒకే ఎక్స్‌ఈలో, అంటే ఆ ప్రోగ్రామ్ ఫైల్లోనే, కట్టేసి ఉంటాయి. మీ దగ్గర ఏదైనా పాత టూల్ ఏ గొడవా లేకుండా తెరుచుకుందంటే, చాలాసార్లు కారణం అదే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మోడల్‌ని తిప్పి చూపించే కిటికీ ఉన్న టూల్స్ డీ3డీఎక్స్9 అని ఏదో సంఖ్యతో ఒక డీఎల్‌ఎల్ అడుగుతాయి. అది డైరెక్ట్‌ఎక్స్‌ది, అంటే విండోస్‌లో ఆటల బొమ్మలు గీసే భాగానిది. "నా దగ్గర డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది కదా, 9 ఎందుకు లేదు?" అని అడుగుతారు. 12 ఉంటే ఆ పాత సహాయక ఫైళ్ళు వచ్చెయ్యవు. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో ఇచ్చిన డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. డాట్‌నెట్ 2.0 (ఇది మైక్రోసాఫ్ట్‌దే ఇంకో రన్‌టైమ్) అడిగే టూల్స్‌కి విండోస్ ఫీచర్లలో డాట్‌నెట్ 3.5 దగ్గర టిక్ పెడితే చాలు, అందులో 2.0 కూడా ఉంటుంది. సహాయం ఫైలు డాట్ సీహెచ్‌ఎం అయి, తెరిస్తే తెల్ల కాగితంలా కనిపిస్తే, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి అన్‌బ్లాక్ చెయ్యండి. అంతకన్నా పాతది, డాట్ హెచ్‌ఎల్‌పీ అయితే, విండోస్ 10 నుంచీ దాన్ని తెరిచే ప్రోగ్రామే మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. దాన్ని వేరే రూపంలోకి మార్చుకుని దాచుకోండి, ఎందుకంటే కొన్ని టూల్స్ ఎలా వాడాలో అందులో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ఇక తొంభైల నాటి 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నడవవు. విండోస్ 11 వచ్చేది 64 బిట్లలోనే. వాటి దారి వేరు, చివర్లో చెప్తాను.

ఇప్పుడు ప్రత్యేకంగా మన తెలుగువాళ్ళకే వచ్చే చిక్కు. మీలో ఎంతమంది విండోస్ ఖాతా పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నారు? ముగ్గురు, నలుగురు... బాగుంది, సంతోషం. పెట్టుకోవాలి కూడా. అయితే ఒకటి తెలుసుకోండి. లోకల్ ఖాతా పేరు తెలుగులో పెడితే యూజర్ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే పడుతుంది. పాత టూల్స్ యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకీ సంకేతాలిచ్చే పద్ధతి, తెలియనివి. అవి అక్షరాల్ని కోడ్ పేజీ అనే పాత పద్ధతిలో చదువుతాయి. రష్యన్‌కి 1251 అని ఒక కోడ్ పేజీ ఉంది. పడమటి ఐరోపా భాషలకి 1252. థాయ్‌కి 874. తెలుగుకి? లేదు. హిందీకీ లేదు, తమిళానికీ లేదు. విండోస్‌లో మన భాషలు వచ్చిందే యూనికోడ్‌తో. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది, తెలుగు చక్కగా కనిపించేది. కానీ యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్‌కి మాత్రం మన ఫోల్డర్ పేరు వరసగా ప్రశ్నార్థకాల్లా అందుతుంది. ప్రశ్నార్థకాలతో ఫోల్డర్ ఉండదు కదా, అందుకని "ఫైలు దొరకలేదు" అంటుంది.

"నేను ఆటని గేమ్స్ ఫోల్డర్లోనే పెట్టాను, అయినా రావట్లేదు" అంటారు. ఎందుకో తెలుసా? చాలా టూల్స్ మధ్యలో తాత్కాలిక ఫైళ్ళు రాసుకుంటాయి, టెంప్ ఫోల్డర్లో. ఆ టెంప్ ఎక్కడుంది? మీ యూజర్ ఫోల్డర్లో! అక్కడ మళ్ళీ తెలుగు పేరు తగులుతుంది. అప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్ళి టెంప్, టీఎంపీ రెండింటినీ సీ డ్రైవ్‌లో ఒక చిన్న ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌కి మార్చండి. మీ ఖాతా పేరు మార్చుకోనవసరం లేదు. విండోస్‌లో పాత ప్రోగ్రాములకి కోడ్ పేజీ బదులు యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని బైట్లుగా రాసే ఒక పద్ధతి) వాడమని చెప్పే ఒక ప్రయోగాత్మక టిక్ కూడా ఉంది. దానితో కొన్ని టూల్స్ దారికొస్తాయి, కొన్ని రష్యన్ టూల్స్ మెనూలు పిచ్చి అక్షరాలుగా మారిపోతాయి. పైగా యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, చిన్న పేరు కూడా పాత ప్రోగ్రామ్ లెక్కలో పొడుగైపోతుంది. నేనైతే టెంప్ మార్చమనే చెప్తాను.

ఏం అడిగింది, ఎవరు కాదన్నారు అని మొదట్లో అన్నాను కదా. ఊహించనక్కర్లేదు, చూడొచ్చు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళది ప్రాసెస్ మానిటర్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. తెరిచి, మీ టూల్ పేరు మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టి, టూల్ నడపండి. అది తట్టిన ప్రతి ఫైలూ, ప్రతి రిజిస్ట్రీ కీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట ఒక పద్దు) వరసగా వస్తాయి. పక్క వరసలో ఫలితం ఉంటుంది. "అనుమతి లేదు" అని ఉంటే ఫోల్డర్ సమస్య. "పేరు దొరకలేదు" అని ఉంటే ఆ పేరు చూడండి, డీఎల్‌ఎల్ కావచ్చు, ఆట ఎక్కడుందో చెప్పే రిజిస్ట్రీ కీ కావచ్చు. దారి వర్చువల్‌స్టోర్‌లోకి వెళ్తుంటే ఇందాకటి కథ. లైన్లు వేలల్లో వస్తాయి, భయపడకండి. దొరకనివి కూడా చాలా ఉంటాయి, అవన్నీ సమస్యలు కావు. టూల్ ఆగిపోయిన క్షణానికి కాస్త పైన చూడండి. అక్కడే ఉంటుంది.

కంపాటిబిలిటీ మోడ్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎక్స్‌పీ మోడ్ అని పెడితే విండోస్ ఎక్స్‌పీగా మారిపోదు. ప్రోగ్రామ్ "నువ్వు ఏ వెర్షన్?" అని అడిగితే "ఎక్స్‌పీ" అని జవాబిస్తుంది, ఇంకా కొన్ని పాత నడవడికలు చూపిస్తుంది. లేని ఓసీఎక్స్ అది తెచ్చి పెట్టలేదు. వెర్షన్ చూసి వెనక్కి తిరిగే టూల్‌కి పనికొస్తుంది, మిగతావాటికి అంతగా కాదు.

ఇంకోటి, అన్నీ విండోస్ మీదకి తొయ్యకండి. శాన్ ఆండ్రియాస్ మాడ్‌లలో చాలా వాటిని ఆట మొదటి వెర్షన్‌కి, అంటే 1.0 ఎక్స్‌ఈకి రాశారు. అవి మెమరీలో ఫలానా చోట ఫలానాది ఉంటుందని నమ్మి అక్కడ మారుస్తాయి. తర్వాత వచ్చిన 2.0లో, స్టీమ్ వెర్షన్‌లో ఆ చోట్లు మారిపోయాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడే ఆట కూడా కొత్త చోట కొన్నారనుకోండి, తప్పు విండోస్ 11ది అనిపిస్తుంది. ముందు ఆట వెర్షన్ చూసుకోండి.

ఇక్కడ మీకు ఒక నిజమైన కథ చెప్పాలి. నాకు చాలా ఇష్టమైనది. శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అని నీళ్ళ మీద దిగే విమానం ఉంది. విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక ఆ విమానం ఆటలోంచి మాయమైపోయింది. ఉండాల్సిన రేవులో లేదు. బలవంతంగా రప్పిస్తే ఆటగాడితో సహా ఆకాశంలోకి ఎగిరిపోయింది. అంతకుముందు 23హెచ్2లో బాగానే ఉంది. అందరూ ఏమన్నారు? విండోస్ ఆటని పాడు చేసిందన్నారు. సైలెంట్‌ప్యాచ్ అని ఈ పాత ఆటలకి దిద్దుబాట్లు రాసే మాడర్ ఒకాయన ఉన్నారు. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ వెళ్ళి 2025 ఏప్రిల్‌లో మొత్తం రాసి పెట్టారు.

డేటా ఫోల్డర్లో వెహికిల్స్ డాట్ ఐడీఈ అనే మామూలు టెక్స్టు ఫైలు ఉంది. మాడర్లందరికీ తెలిసిన ఫైలే, కొత్త బండి పెడితే ఇందులోనే రాస్తాం. ఒక్కో బండికి ఒక లైను. చివర్లో ముందు చక్రం, వెనక చక్రం సైజులు. తెర మీద స్కిమ్మర్ లైను చూడండి, బండి నంబరు 460. లైను పొట్టిగా ఉంది కదా? చక్రాల అంకెలే లేవు! ఎందుకంటే వైస్ సిటీలో స్కిమ్మర్‌ని పడవ కింద రాశారు. పడవకి చక్రాలుండవు. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానం చేశారు, లైనుకి అంకెలు చేర్చడం మర్చిపోయారు.

మరి ఇరవయ్యేళ్ళు ఎలా నడిచింది? ఆట ఆ లైను చదివేటప్పుడు చక్రాల సైజు పెట్టుకునే చోటుని ముందుగా ఖాళీ చెయ్యదు. అంకె లేకపోతే అక్కడ అంతకుముందు ఏముందో అదే వాడేస్తుంది. తరగతి గదిలో బోర్డు తుడవకుండా పాఠం మొదలుపెట్టినట్టు. ముందు పీరియడ్‌లో రాసిన అంకె బోర్డు మూలన మిగిలిపోయింది, ఈ పీరియడ్ వాళ్ళు దాన్నే తమదనుకున్నారు. ముందు పీరియడ్ ఎవరిది? అంతకుముందు లైనులో ఉన్న 459, టాప్‌ఫన్ అనే వ్యాను. దాని చక్రాల సైజు స్కిమ్మర్‌కి సరిపోయింది. రెండు లైన్ల మధ్య ఆట ఫైల్లోంచి తర్వాతి లైను తీసుకుంటుంది, ఆ పనిలో విండోస్‌లోని ఒక చిన్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. పాత విండోస్‌లలో ఆ ఫంక్షన్ బోర్డులో ఆ మూల జోలికి వచ్చేది కాదు. 24హెచ్2లో దాన్ని తిరగరాశారు, అది స్టాక్ అనే తాత్కాలిక మెమరీలో, అంటే మన బోర్డు మీద, కొంచెం ఎక్కువ చోటు వాడుకుంది, టాప్‌ఫన్ అంకె చెరిగిపోయింది. విండోస్ చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఆ చోటు దానిదే!

ఇది ఎందుకింత సాగదీసి చెప్పానంటే, మీరు ఎప్పుడో దించుకున్న బళ్ళ మాడ్‌లలో కూడా ఇలాంటి పొట్టి లైన్లు ఉండొచ్చు. ఎక్స్‌పీలో నడిచింది, 7లో నడిచింది, 10లో నడిచింది, కాబట్టి మాడ్ సరైనదే అనుకోవడానికి లేదు. కొత్త విండోస్‌లో ఏ బండైనా వింతగా ప్రవర్తిస్తే ముందు దాని లైను తీసి, పక్కనున్న అదే రకం బండి లైనుతో పోల్చండి. నోట్‌ప్యాడ్ చాలు. స్కిమ్మర్‌కైతే లేని అంకెలు చేర్చుకోవచ్చు, లేదా సైలెంట్‌ప్యాచ్ కొత్త వెర్షన్ వేసుకోవచ్చు.

ఏం చేసినా నడవని టూల్స్ కొన్ని ఉంటాయి. 16 బిట్లవి, విండోస్ పూర్తిగా తీసేసిన భాగాల మీద ఆధారపడ్డవి. వాటికి వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్‌లో, పాత విండోస్ వేసుకోండి. ఒక షరతు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది, అందుకని ఆ వర్చువల్ మెషీన్‌కి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక ఫోల్డర్ చాలు. విండోస్‌కి ముందున్న డాస్ కాలం ఎడిటర్లని నడపడానికి డాస్‌బాక్స్ ఉంది. లైనక్స్ వాడేవాళ్ళకి, విండోస్ ప్రోగ్రాములు అక్కడ నడిపే వైన్ ఉంది. విండోస్ 11 నడపలేని కొన్ని 16 బిట్ల విండోస్ ప్రోగ్రాముల్ని 64 బిట్ల లైనక్స్ మీద వైన్ నడుపుతుంది! విజువల్ బేసిక్ ముక్కల్ని వైన్‌ట్రిక్స్ అనే దాని తోడు టూల్ ఒక్క మాటతో తెచ్చి పెడుతుంది. ఒక్కో టూల్‌కి ఒక్కో విడి ఫోల్డర్, అంటే వైన్ వాళ్ళు ప్రిఫిక్స్ అంటారు, అలా కట్టుకోవచ్చు. ఒకటి పాడైతే రెండోదానికి తగలదు.

కొందరు అడుగుతారు, ఇంత కష్టమెందుకు, కొత్త టూల్స్ ఉన్నాయి కదా అని. ఉన్నాయి, వాడండి. శానీ బిల్డర్‌కి ఆ తర్వాత కూడా కొత్త వెర్షన్లు వచ్చాయి. మాడ్ లోడర్ ఉంటే ఐఎంజీ ఫైలుని ముట్టుకోనక్కర్లేదు, మాడ్‌ని ఒక ఫోల్డర్లో పడేస్తే ఆట నడిచేటప్పుడు అదే తగిలిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను అదే చెప్తాను. కానీ క్రికెట్ 07కో, ఇంకో చిన్న ఆటకో ఉన్న ఒకే ఒక్క ఎడిటర్ 2007లో ఆగిపోయి ఉంటుంది. రాసినాయన ఎక్కడున్నారో తెలియదు, సోర్సు, అంటే ఆయన రాసిన అసలు కోడు, ఎవరి దగ్గరా లేదు. దానికి బదులు లేదు. దాన్ని నడిపించుకోవడమే మనకున్న దారి. అందుకని మీ దగ్గర అలాంటిది ఉంటే, జిప్ ఫైలుని ఉన్నదున్నట్టు దాచండి. రీడ్‌మీ పారెయ్యకండి, రాసినాయన పేరు దాంట్లోనే ఉంటుంది. పక్కన ఒక టెక్స్టు ఫైల్లో రాసి పెట్టండి, ఏ విండోస్‌లో నడిచింది, ఏ ఓసీఎక్స్ అడిగింది, ఎక్కడ పెడితే పనిచేసింది అని. తర్వాత దాన్ని తెరిచే కుర్రాడికి అది చాలా పెద్ద సాయం.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి. ఆట ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్నవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, మీ వర్చువల్‌స్టోర్ ముందు చూద్దాం. ఓసీఎక్స్ పెట్టె వస్తున్నవాళ్ళు కుడివైపు. ఇద్దరికీ ఒకటే మాట, ఏదైనా మొదలుపెట్టే ముందు ఐఎంజీ ఫైలుకి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. పెన్‌డ్రైవ్ లేనివాళ్ళకి నా దగ్గర రెండున్నాయి.